లెక్కపెట్టుకోమన్న డబ్బు, లెక్కపెట్టవద్దన్న డబ్బు

ఈ మధ్య మా బంధువుల పెళ్లిలో, భోజనాల బంతికి కూర్చునే ముందు, మా ఈడువాడొకడు ఒక మాట అన్నాడు. పదో తరగతి పరీక్షలు ముగిసిన మర్నాటి నుంచే తామంతా ఏదో ఒక పనిలోకి వెళ్లామనీ, ఇప్పటి పిల్లలకు వేసవి సెలవులంటే సెల్‌ఫోను తప్ప మరొకటి తెలియదనీ, అందుకే వాళ్లకు రూపాయి విలువ తెలియకుండా పోతోందనీ దాని సారాంశం. నలభైకి దగ్గరపడుతున్న మా గుంపంతా తలలూపింది. మాలో చాలామంది ఆ పనులు చేసినవాళ్లమే కనుక తలూపడానికి ఎవరికీ కష్టం లేదు. పైగా తన చిన్నతనాన్ని తానే మెచ్చుకునే అవకాశం వస్తే ఎవరు వదులుకుంటారు?

నాకు మాత్రం ఆ మాట మింగుడు పడలేదు. లేమి ఉన్న ఇంట్లో పుట్టిన పిల్లలకు రూపాయి విలువ ఎవరూ నేర్పనక్కర్లేదు. బియ్యం డబ్బా అడుగు కనబడితే చాలు, వాళ్లకే తెలిసిపోతుంది. కలిగిన ఇంటి పిల్లలకు ఒక వేసవి పనిచేసినంత మాత్రాన అది తెలిసిపోతుందని నేననుకోను. ఆ వయసులో చేసే పని నేర్పేది వేరే సంగతి. తనకు చుట్టం కాని మనిషి దగ్గర తన చెమటకు ఇంత అని లెక్కకట్టించుకుని, తల వంచకుండా డబ్బు తీసుకోవచ్చునన్న సంగతి అది. ఈ ఒక్కటీ తెలిసిన కుర్రాడికీ తెలియని కుర్రాడికీ ఓటు హక్కు వచ్చేనాటికి చాలా తేడా ఉంటుందని నా నమ్మకం. మన పల్లెల్లోనూ చిన్న పట్టణాల్లోనూ పదహారు, పదిహేడేళ్ల పిల్లలకు పనీ ఆటా ఇప్పుడు చాలావరకు నాయకుల చేతుల మీదుగానే అందుతున్నాయి. ఆ రెండూ ఎవరో దయతలిచి ఇచ్చేవిగా అలవాటైనవాడికి రాజకీయం కూడా దయగానే అర్థమవుతుంది. పిల్లల సోమరితనం గురించి మాట్లాడుకునే ముందు దీని గురించి మాట్లాడుకోవాలి.

మిర్చి కొట్టులో

నేను పది రాసింది 2004లో. ఆ మార్చి నెలాఖరున ముల్తాన్‌లో సెహ్వాగ్ 309 కొట్టాడు. ఏప్రిల్‌లో శాసనసభకూ లోక్‌సభకూ కలిపి రెండు విడతల్లో ఎన్నికలు జరిగాయి. ఆ నెలలోనే నేను గుంటూరులో ఒక మిర్చి కమీషన్ కొట్టులో చిట్టాలు రాసే పనికి కుదిరాను. మిర్చి యార్డుకు ఫిబ్రవరి నుంచి సరుకు ముమ్మరమవుతుంది, మే నెలలో ఎండలకు యార్డుకే సెలవులిస్తారు, అంటే పరీక్షలైన పిల్లవాడికి దొరికేది సీజన్ చివరి భాగం. రాత్రి లారీల్లో, ట్రాక్టర్లలో వచ్చిన టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, తెల్లవారేసరికి కొట్టు ముందు వరసగా పేర్చి ఉండేవి. కొనేవాళ్లు వచ్చి మూతి విప్పిన టిక్కీలోంచి గుప్పెడు కాయలు తీసి, రంగు చూసి, విరిచి తేమ చూసి, తాలు, అంటే రంగు పోయిన నాసి కాయ, ఎంత కలిసిందో చూసి క్వింటాలుకు ధర చెప్పేవారు. ధర కుదిరాక కాటా. కాటా దగ్గరి మనిషి బరువు కేకేస్తే నేను రాసుకోవాలి, గోతం బరువు తీసేయాలి, కమీషన్, హమాలీ, కాటా కూలి మినహాయించి రైతుకు పట్టీ, అంటే లెక్క చీటీ, తయారు చేయాలి. మొదట్లో ఘాటుకు తుమ్ములు ఆగేవి కావు, కంటి నీళ్లు కాగితం మీద పడి అంకెలు అలుక్కుపోయేవి. హమాలీ ఒకాయన తడి తువ్వాలు ముక్కుకు అడ్డంగా ఎలా కట్టుకోవాలో చూపించాక పని సాగింది.

వినుకొండ వైపు నుంచి వచ్చిన ఒక రైతు నాకు ఇప్పటికీ గుర్తు. ఆయనకు చదువు రాదు. పట్టీ చేతికిస్తే తిరిగి నాకే ఇచ్చి, "నువ్వు మెల్లగా చదువు బాబూ, నేను లెక్క చూసుకుంటా" అన్నాడు. నేను ఒక్కొక్క టిక్కీ బరువు చదువుతుంటే వేళ్ల కణుపుల మీద బొటనవేలు జరుపుతూ నిలబడ్డాడు. అడుగున ఉన్న మొత్తం నేను చదవకముందే ఆ అంకె ఆయనే చెప్పాడు. హమాలీ కింద ఎంత రాశామో అడిగి తెలుసుకున్నాక, "మరి మచ్చుకని కాయలు తీశారుగా, అవి ఎందులో పోయినై?" అన్నాడు. మచ్చు కాయలకు పట్టీలో గడి లేదు. గుమాస్తా గారు ఒకసారి నా వైపు చూసి చూపు తిప్పుకున్నారు. ఆ ప్రశ్నకు జవాబు రాలేదు. అయినా అడగడానికి ఆయన జంకలేదు, గొంతు తగ్గించలేదు, ఎవరి మొహమాటమూ పెట్టుకోలేదు. సరుకు ఆయనది.

శనివారం సాయంత్రం మాకు కూలి ఇచ్చేవారు. మొదటి వారం గుమాస్తా గారిచ్చిన నోట్లను మర్యాద కోసం చూడకుండానే జేబులో పెట్టుకోబోయాను. "ఏరా అబ్బాయ్, లెక్కపెట్టుకోవా?" అన్నారు. "మీరిచ్చారు కదండీ" అన్నాను. "నేనిచ్చినా మీ నాన్నిచ్చినా లెక్కపెట్టుకో. ఇక్కడే, నా ముందరే. తగ్గితే అడుగు, ఎక్కువైతే తిరిగియ్యి" అని, నేను లెక్కపెట్టేదాకా గల్లాపెట్టె మూత వేయకుండా కూర్చున్నారు. ఆయన స్వభావరీత్యా మెత్తని మనిషేమీ కాదు. హమాలీల మీద నోరు చేసుకునేవారు, టీ డబ్బుల దగ్గర పిసినారితనం చూపేవారు. కానీ కూలి ఇచ్చేటప్పుడు తాను మేలు చేస్తున్నట్టు ఏ శనివారమూ ప్రవర్తించలేదు.

ఎన్నికల వేడి పెరిగాక మధ్యాహ్నాలు మా పేటలో కుర్రాళ్లను ర్యాలీలకు పిలుచుకుపోయేవారు. జెండా పట్టుకుని లారీ ఎక్కితే సాయంత్రానికి భోజనం పొట్లం, కొంత డబ్బు. ఒక ఆదివారం నేనూ ఎక్కాను. ఏ పార్టీ అన్నది ఇక్కడ అనవసరం. రెండో పార్టీ లారీ ముందుగా వచ్చి ఉంటే అదే ఎక్కేవాళ్లం. దిగాక నాయకుడి మనిషి ఒకాయన మా జేబుల్లో నోటు మడిచి పెట్టుకుంటూ వచ్చాడు. కొట్టులో అయిన అలవాటు కొద్దీ తీసి చూడబోతే నా చేతి మీద చెయ్యి వేసి, నవ్వుతూ, "ఉంచుకో తమ్ముడూ, మనలో మనకు లెక్కలేంటి?" అన్నాడు. ఇంటికొచ్చి చూసుకుంటే అది కొట్టులో రోజు కూలి కన్నా ఎక్కువే.

గుమాస్తా గారి డబ్బుతో ఆ వారం లావాదేవీ ముగిసిపోయేది. ఈ డబ్బుతో లావాదేవీ మొదలైంది. నాతో పాటు లారీ ఎక్కిన మిత్రుడొకడు కులధ్రువీకరణ పత్రానికి మండల కార్యాలయానికి సొంతంగా వెళ్లడం మానేసి, ఆ నాయకుడి మనిషి ఇంటి అరుగు మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. ఆయన కోసం సాయంత్రాలు ఎదురుచూసి, ఆయన ఫోన్ చేశాక వెళ్లి పత్రం తెచ్చుకున్నాడు. దరఖాస్తు రాసి ఇస్తే నేరుగా వచ్చే పత్రమే అది. ఆ విషయం వాడికి తెలియక కాదు. "అన్న ఉండగా మనమెందుకు తిరగడం?" అన్నాడు.

ఆట ఎవరిది

మా చిన్నప్పుడు జట్లకు వీధుల పేర్లుండేవి. రామాలయం వీధి, చెరువు కట్ట, హైస్కూలు, రైలు గేటు. కబడ్డీ అయినా, వాలీబాల్ అయినా, టెన్నిస్ బంతితో క్రికెట్ అయినా అంతే. ఇప్పుడు మా ప్రాంతంలో జట్ల పేర్లు చూస్తే సగానికి సగం "ఫలానా అన్న యువసేన", "ఫలానా గారి యూత్". ఊరి జట్టు ఎక్కడా లేదని కాదు, ఉన్నచోట దానికి బ్యాట్లు కొనిచ్చేవాళ్లు లేరు.

ఆ మధ్య ఒక వేసవిలో పక్క మండలంలో క్రికెట్ టోర్నమెంటు ఫైనల్ చూడటానికి వెళ్లాను. మైదానం దగ్గర కట్టిన ఫ్లెక్సీలో పైన రాష్ట్ర నాయకుడు, ఆయన కింద జిల్లా నాయకుడు, ఆయన కింద మండల నాయకుడు, అట్టడుగున తపాలా బిళ్లంత సైజులో ఆటగాళ్ల ముఖాలు ఉన్నాయి. నాలుగింటికి మొదలు కావలసిన ఆట ముఖ్య అతిథి కోసం ఆగింది. ఎండలో కుర్రాళ్లు గ్లౌజులు తొడుక్కుని, విప్పి, మళ్లీ తొడుక్కుని కూర్చున్నారు. ఆయన వచ్చేసరికి పొద్దు వాలింది. ఆయనకు ఒక బంతి నెమ్మదిగా వేశారు, ఆయన కొట్టాడు, ఫోటోలు తీశారు. వెలుతురు చాలదని పన్నెండు ఓవర్ల ఆటను ఆరు ఓవర్లకు కుదించారు. బహుమతులు కారు హెడ్‌లైట్ల వెలుతురులో ఇచ్చారు. అంతకుముందు సెమీఫైనల్లో ఒక వైడ్ బంతి గురించి అంపైరుతో పావుగంట కలబడిన కుర్రాళ్లే, ఆరు ఓవర్లు ఎగిరిపోతే ఒక్కరూ నోరెత్తలేదు. కెప్టెన్‌ను అడిగాను. "అన్న రాకుండా ఎట్లా మొదలుపెడతాం సార్, డబ్బులు ఆయనవి కదా" అన్నాడు. అతని మాటలో బాధ ఏమీ లేదు, అదే న్యాయమన్నట్టుగానే చెప్పాడు.

ఇది ఒక్క ఆటకు పరిమితమైన వ్యవహారం కాదు. మహాశివరాత్రికి కోటప్పకొండకు కట్టే విద్యుత్ ప్రభల మీద, అంటే దీపాలతో అలంకరించి ఊరేగించే ఎత్తైన కట్టడాల మీద కూడా నాయకుల బొమ్మలు ఎక్కడం చూస్తున్నాం. ప్రభ కట్టడానికి ఊరంతా వేసుకునే చందాకు, మోకులు పట్టి లాగే చేతులకు ఆ వెలుగుల్లో చోటు తగ్గుతోంది. కానీ పండుగ ఏడాదికొకసారి. ఆట రోజూ కావాలి.

మైదానం ఊరి సొంత వ్యవహారం ఎందుకు కాలేకపోయిందన్నదానికి ఒక కారణం రాజ్యాంగంలోనే కనిపిస్తుంది. 74వ సవరణతో పురపాలికలకు ఇచ్చిన 12వ షెడ్యూలులో పార్కులు, తోటలు, ఆట స్థలాలు స్పష్టంగా ఉన్నాయి. 73వ సవరణతో పంచాయతీలకు ఇచ్చిన 11వ షెడ్యూలులో 29 అంశాలున్నాయి. వాటిలో గ్రంథాలయాలున్నాయి, సంతలున్నాయి, చేపల పెంపకం ఉంది, ఆట స్థలం అన్న మాట మాత్రం లేదు. పల్లెల్లో పొలాలూ చెరువు గట్లూ ఉన్నాయి కదా, పిల్లలు ఎక్కడో ఒకచోట ఆడుకుంటారులే అనుకున్నారేమో. ఫలితంగా పల్లెలో పిల్లలకు మిగిలింది హైస్కూలు మైదానం. సెలవుల్లో దాని గేటు తాళం ఎవరి దగ్గర ఉంటుందన్నది ఆ ఊరి రాజకీయాన్ని బట్టి ఉంటుంది.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదనడం అన్యాయం. తెలంగాణలో 2022 జూన్‌లో ఊరూరా క్రీడా ప్రాంగణాలు మొదలుపెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరు నుంచి 2024 ఫిబ్రవరి దాకా "ఆడుదాం ఆంధ్రా" పేరుతో పదిహేనేళ్లు దాటినవారికి క్రికెట్, వాలీబాల్, కబడ్డీ, ఖోఖో, బ్యాడ్మింటన్ పోటీలు నడిపారు. మొదటిదానిలో చాలాచోట్ల ఊరికి దూరంగా దొరికిన స్థలంలో బోర్డు పాతడంతో పని ముగిసింది. రెండోది ఎన్నికలకు కొద్ది నెలల ముందు వచ్చింది. ప్రభుత్వం మారాక దాని మీద మాటంతా ఖర్చు లెక్కల చుట్టూనే తిరిగింది, ఆడిన పిల్లల ఊసు వెనకబడింది. రెండు చోట్లా ఆట ఒక పథకంగా వచ్చింది, పథకంగానే పోయింది.

వేరే దారి లేదా అంటే ఉంది. విజయనగరం జిల్లా నెల్లిమర్ల దగ్గరి కొండవెలగాడ వెయిట్‌లిఫ్టర్ల ఊరు. అక్కడి ఆడపిల్ల మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో మూడో స్థానంలో నిలిచి, మొదటి స్థానం వచ్చిన నైజీరియా క్రీడాకారిణి డోపింగ్‌లో దొరికిపోవడంతో రజతం అందుకుంది. అంతకు ముందే పక్క జిల్లా శ్రీకాకుళంలోని ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో ఒలింపిక్ కాంస్యం తెచ్చింది. ఆ ప్రాంతంలో బరువులెత్తే ఆట ఒకరిని చూసి ఒకరు, అన్నను చూసి చెల్లెలు నేర్చుకున్న విద్యగా నిలబడింది. అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు కట్టిన మైదానాల్లో పల్లె పిల్లలు హాకీ, క్రికెట్, టెన్నిస్ నేర్చుకుంటున్నారు. 2024లో దులీప్ ట్రోఫీ పోటీలు కూడా అక్కడ జరిగాయి. అదీ ఒక దాత పుణ్యమే కదా అని అడగవచ్చు. నిజమే, కానీ రోజూ తెల్లవారుజామున తెరుచుకునే మైదానంలో ఆడే పిల్లవాడు ఒక ముఖ్య అతిథి కారు కోసం ఎదురుచూస్తూ కూర్చోడు. వాడికి అక్కడి వేళలు తెలుసు, నిబంధనలు తెలుసు, ఎంపిక ఎలా జరుగుతుందో తెలుసు. దయకూ వ్యవస్థకూ తేడా నా దృష్టిలో అక్కడే ఉంది.

నా వాదనకు నేనే చెప్పుకునే అడ్డంకులు

ఇప్పటిదాకా చెప్పిందాన్ని బట్టి మిర్చి కొట్టు ఏదో స్వేచ్ఛా ప్రపంచమన్నట్టు ధ్వనించి ఉంటే, అది సరికాదు. నాకు ఆ పని ఎలా దొరికింది? మా నాన్న ఏటా సరుకు వేసే కొట్టు అది. సాగు మొదట్లో పెట్టుబడికి అప్పు ఇచ్చేదీ ఆ కొట్టే, అప్పు ఇచ్చిన కొట్టుకే సరుకు వేయాలన్నది అందరికీ తెలిసిన కట్టుబాటు. మచ్చు గురించి అడిగిన రైతు మరుసటి ఏడాది కూడా సరుకు అక్కడికే తెచ్చి ఉంటాడు. అంటే లెక్కపెట్టుకోమన్న డబ్బు వెనక కూడా లెక్కకు రాని బంధం ఒకటుంది.

ఇంకా ఇబ్బందికరమైన విషయం మరొకటి. నాతో పాటు మా తరగతివాడే ఇంకొకడు ఆ వేసవి యార్డులో పనికి వచ్చాడు. పదిలో వాడికి నాకన్నా ఎక్కువ మార్కులొచ్చాయి, లెక్కల్లో మరీ ఎక్కువ. నాకు కలం ఇచ్చారు. వాడికి దబ్బనం ఇచ్చి గోతాలు కుట్టమన్నారు. ఎస్సీ కాలనీ నుంచి వచ్చిన కుర్రాడికి కూడికలు వచ్చా అని అడగాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. మా తరగతి ఆడపిల్లలు కొందరు ఇళ్ల దగ్గరే నీడన కూర్చుని కిలోకింతని తొడిమలు తీసేవాళ్లు. చేతులు మండుతుంటే కొబ్బరినూనె రాసుకుని మళ్లీ కూర్చునేవాళ్లు. వాళ్లకు వేసవి ఆటా లేదు, లెక్కపెట్టి ఇచ్చే గుమాస్తా కూడా లేడు. వాళ్ల కూలి అమ్మల చేతికి పోయేది. "మన రోజుల్లో పని చేశాం" అని పెళ్లి భోజనాల్లో చెప్పుకునే మాటలో ఈ ముగ్గురి అనుభవాలు ఒకటే అయిపోతాయి. నాకు ఆత్మగౌరవం నేర్పిన యార్డు వాడికి ఏం నేర్పిందో నేను చెప్పలేను.

పిల్లల చేత పని చేయించడాన్ని పొగడకూడదన్న అభ్యంతరం దీనికన్నా బలమైనది. కర్నూలు, మహబూబ్‌నగర్ వైపు పత్తి విత్తనాల చేలల్లో పూలకు పరాగం రుద్దే పనికి ఏళ్ల తరబడి చిన్నపిల్లలనే, అందులోనూ ఆడపిల్లలనే పెట్టుకున్న చరిత్ర మనది. ఆ పిల్లలను పొలాల నుంచి బడికి మళ్లించే పనిని రంగారెడ్డి జిల్లా నుంచి ఎం.వి. ఫౌండేషన్ ద్వారా చేసినందుకే శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసె పురస్కారం వచ్చింది. బడి మానిపించే పనికీ, సెలవుల్లో చేసే పనికీ మధ్య గీత చెరిపేయడం ఎంత సులువో ఆ ఉద్యమం చూసినవాళ్లకు తెలుసు. అందుకే నేను పద్నాలుగేళ్లలోపు పిల్లల గురించి మాట్లాడడం లేదు. 2016లో సవరించిన చట్టం పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ల వారిని గనులు, పేలుడు పదార్థాల వంటి ప్రమాదకరమైన పనుల్లో పెట్టుకోవడాన్ని మాత్రమే నిషేధించింది. మందుల షాపులో, పుస్తకాల దుకాణంలో, సెల్‌ఫోన్లు బాగుచేసే చోట పదహారేళ్ల కుర్రాడు సెలవుల్లో పని నేర్చుకోవడానికి చట్టం అడ్డు రాదు. అడ్డు వస్తున్నది వేరే ఉంది.

మా మేనల్లుడు పది రాశాక సెల్‌ఫోన్ రిపేరు కొట్టులో కూర్చుంటానన్నాడు. మా అక్క ఒప్పుకోలేదు. "కాలేజీ ఫీజు కట్టలేక పనికి పెట్టారంటారు, మనకేం ఖర్మ?" అంది. అదే నెలలో వాడు ఒక నాయకుడి పుట్టినరోజు బైక్ ర్యాలీకి వెళ్లాడు. లైసెన్సు వచ్చే వయసు కూడా లేదు. వాడు జెండా పట్టుకున్న ఫోటో చూసి ఇంట్లో అందరూ నవ్వుకున్నారే తప్ప, నలుగురూ ఏమనుకుంటారోనన్న ప్రశ్న ఎవరికీ తట్టలేదు. ఎన్నికల ప్రచారంలో పిల్లలను వాడవద్దని ఎన్నికల సంఘం 2024 ఫిబ్రవరిలో పార్టీలకు గట్టిగానే చెప్పింది. పుట్టినరోజులు దాని కిందికి రావు. స్క్రూడ్రైవర్ పట్టుకుంటే పోయే పరువు జెండా పట్టుకుంటే ఎందుకు పోదో మా అక్కను అడిగాను. "అది సరదా" అంది.

ఇక ఇంటర్ చదువు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 నుంచి ఇంటర్ విద్యా సంవత్సరాన్ని ఏప్రిల్ ఒకటినే మొదలుపెట్టారు. సెలవుల్లో తరగతులు పెట్టవద్దని బోర్డులు ఏటా ప్రకటిస్తాయి, ఏటా ఏదో ఒక పేరుతో తరగతులు జరుగుతూనే ఉంటాయి. చదువు కొనగలిగినవాళ్ల పిల్లల వేసవిని కాలేజీలు తీసేసుకుంటున్నాయి. కొనలేనివాళ్ల పిల్లల వేసవి ఖాళీగా ఉంటుంది, ర్యాలీలకు దొరికేది ఎక్కువగా వాళ్లే.

నాయకుడు ఇవ్వకపోతే ఎవరిస్తారన్న ప్రశ్నకు కూడా నా దగ్గర నున్నటి జవాబు లేదు. టోర్నమెంటుకు డబ్బిచ్చినాయన ఫోటో కోసమే ఇచ్చాడనుకున్నా, ఆ డబ్బు లేకపోతే ఆ కుర్రాళ్లు ఆ ఆరు ఓవర్లు కూడా ఆడేవాళ్లు కాదు. పూర్వం జమీందార్లు, మోతుబరులు పందేలు, పోటీలు పెట్టించినప్పుడూ ఇదే జరిగిందని ఒక మిత్రుడు వాదించాడు. కాదనలేను. అయితే అప్పుడు ఆ కుర్రాళ్లకు ఓటు లేదు. ఇప్పుడు మరో రెండేళ్లలో వస్తుంది. మైదానంలో అలవాటైన మౌనాన్నే గ్రామసభకూ తీసుకెళతారేమోనన్నది నా భయం.

హక్కుగా వచ్చిన పని

పనిని దయ నుంచి విడదీయడం మన దగ్గర జరగలేదని ఎలా అంటాం? ఉపాధి హామీ పనిని దేశంలో మొదటగా ప్రారంభించింది 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. మా వైపు దాన్ని కరువు పని అంటారు. దాని పనితీరు మీద వెయ్యి ఫిర్యాదులున్నాయి, కూలి ఆలస్యం వాటిలో మొదటిది. అయినా చట్టంగా అది కూలివాడి చేతికి జాబ్‌కార్డు ఇచ్చింది, అడిగితే పదిహేను రోజుల్లో పని చూపాలంది, చూపకపోతే భృతి ఇవ్వాలంది. అంతకన్నా ముఖ్యం, సామాజిక తనిఖీని తెచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో ఆ తనిఖీలకు ఊళ్లలో చదువుకున్న కుర్రాళ్లకే శిక్షణ ఇచ్చి పంపారు. మస్టరు, అంటే కూలీల హాజరు పుస్తకం, పట్టుకుని ఇంటింటికీ వెళ్లి "నువ్వు ఎన్ని రోజులు పని చేశావు, ఎంత ముట్టింది?" అని అడిగి, బహిరంగ సభలో అధికారుల ముందు చదవడం వాళ్ల పని. వినుకొండ రైతు వేళ్ల మీద చేసిన లెక్కను వాళ్లు కాగితం మీద, ఊరందరి ముందు చేశారు. ఇరవై ఏళ్ల వయసులో ఇంతకన్నా మంచి రాజకీయ విద్య ఏముంటుంది?

దానికి పక్కన 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన వాలంటీర్ల వ్యవస్థను పెట్టి చూడండి. యాభై ఇళ్లకు ఒకరు, నెలకు 5,000 రూపాయలు. మా వీధిలో ఆ పని చేసిన అమ్మాయి ఒకటో తారీఖున తెల్లవారకముందే పింఛన్లు పట్టుకుని బయల్దేరేది. వేలిముద్ర పడని ముసలమ్మల చేతులు తడిగుడ్డతో తుడిచి మళ్లీ మళ్లీ మిషన్ మీద పెట్టించేది. పని నిజమైనది, ఉపయోగం నిజమైనది. కానీ ఆ పనికి ఉద్యోగ భద్రత లేదు, ఆ పని ఎవరి వల్ల వచ్చిందో మరిచిపోనివ్వని వాతావరణం మాత్రం ఉంది. 2024 ఎన్నికల ముందు పింఛన్ల పంపిణీ నుంచి వాళ్లను తప్పించమని ఎన్నికల సంఘం ఆదేశించాక చాలామంది రాజీనామాలు చేశారు. ప్రభుత్వం మారాక పంపిణీ గ్రామ, వార్డు సచివాలయాల సిబ్బంది చేతికి వెళ్లింది. ఆ అమ్మాయి ఇప్పుడు బట్టల షాపులో పనిచేస్తోంది. ఒక పక్షం వాళ్లను తమ సైన్యంగా చూసింది, రెండో పక్షం ఎదుటివారి సైన్యంగా చూసింది. కష్టపడి పనిచేసిన ఇరవై రెండేళ్ల మనిషిగా చూసినవాళ్లు తక్కువ.

కాలేజీల్లోనైనా రాజకీయం నేర్చుకునే చోటు ఉందా అంటే, ఉమ్మడి రాష్ట్రంలో విద్యార్థి సంఘ ఎన్నికలు 1980ల చివర్లోనే ఆగిపోయాయి. ఆ ఎన్నికల్లో తలలు పగిలిన మాట నిజం, ఆపడానికి కారణాలు లేకపోలేదు. కానీ పద్దెనిమిదేళ్లకు ఓటు ఇచ్చిన కాలంలోనే, ఆ వయసువాళ్లు తమలో తాము ఒకణ్ణి ఎన్నుకుని, వాడి చేత లెక్క చెప్పించుకునే ఒక్క వేదికనూ మూసేశాం. మిగిలింది యువసేన. అందులో అధ్యక్షుణ్ణి పై నుంచి ప్రకటిస్తారు.

ఇదంతా మాట్లాడుకుంటుండగా మా పక్క ఊరి సంగతి ఒకటి తెలిసింది. అక్కడి కుర్రాళ్లు కొందరు తలా వంద రూపాయలు వేసుకుని, ఫ్లెక్సీ లేకుండా, శ్రీరామనవమికి వాలీబాల్ పోటీలు పెట్టుకుంటున్నారు. జమాఖర్చు రాసి పంచాయతీ నోటీసు బోర్డు పక్కనే అంటిస్తారు. కిందటేడు ఈ సంగతి విని ఒక నాయకుడు కొత్త నెట్, రెండు బంతులు, తన ఫోటో ఉన్న బ్యానరు పంపించాడు. టీ కొట్టు దగ్గర పంచాయితీ పెట్టుకున్నారు. బ్యానరు వదిలేసి నెట్ తీసుకుందామని ఒకరు, అలా చేస్తే ఆయనకు కోపం వచ్చి ఊరి రోడ్డు పని ఆపిస్తాడని ఇంకొకరు, ధర కట్టి ఇచ్చేద్దామని మూడో వాడు. చివరికి మూడో వాడి మాటే నెగ్గి డబ్బు పట్టుకుని వెళితే ఆయన నవ్వి, తీసుకోలేదు. నెట్ ఇప్పటికీ కెప్టెన్ ఇంట్లో కవరు విప్పకుండా ఉంది. పాతది రెండు చోట్ల తెగింది కనుక అది వాడేద్దామని కొందరంటున్నారు. ఈసారి చందా నూట యాభై చేసి సొంతంగా కొనుక్కుందామని మిగిలినవాళ్లంటున్నారు. నాకు తెలిసినంతవరకు ఇంకా తేలలేదు.